దారిని దాటేస్తే రేంజర్ ఏం చేయాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ల మధ్య చాలాకాలంగా ఒక సలహా తిరుగుతోంది: ఏ పాత్రనైనా తీసుకో, రేంజర్ మాత్రం వద్దు. కత్తియుద్ధంలో ఫైటర్ అంత గట్టివాడు కాదు, మంత్రాల్లో డ్రూయిడ్‌కు సాటిరాడు, చాటుదెబ్బలో రోగ్‌ను మించలేడు అని కారణాలు చెబుతారు. ఇందులో నిజం ఉంది. అయితే రేంజర్‌కు అసలు లోటు అక్కడ లేదు. అతని విద్యంతా దారికి సంబంధించింది. మనం ఆటలోంచి దారినే తీసేసి, ఆ విద్యకు విలువ లేదంటున్నాం.

ఈ ఆట తెలియనివారికి రెండు మాటలు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. డంజన్ మాస్టర్‌గా ఉన్నవారు లోకాన్ని వర్ణిస్తారు, శత్రువులను నడిపిస్తారు. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరించి తామేం చేస్తారో చెబుతారు. ఫలితం అనుమానమైనప్పుడు ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ప్రతి పాత్రకూ క్లాస్ పేరుతో ఒక వృత్తి ఉంటుంది. రేంజర్ అలాంటి వృత్తుల్లో ఒకటి.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో వచ్చింది. మరుసటి ఏడాదే ‘ది స్ట్రాటజిక్ రివ్యూ’ పత్రికలో జో ఫిషర్ రేంజర్‌ను పరిచయం చేశాడు. టోల్కీన్ నవలలోని అరగోర్న్ పోలికలు ఆ పాత్రలో స్పష్టంగా కనిపిస్తాయి. 1978 నాటి నియమాల పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ రేంజర్‌కు శక్తులతో పాటు నియమాలూ పెట్టింది. ధర్మపక్షాన ఉండాలి. తానూ తన గుర్రమూ మోయగలిగినంత సొత్తే ఉంచుకోవాలి, మిగతాది మంచి పనికి దానమివ్వాలి. ముగ్గురికి మించి రేంజర్లు కలిసి పనిచేయకూడదు. ఊళ్లకు దూరంగా, ఎవరూ చూడని చోట మనుషులకు కాపలా కాసే ఒంటరి జీవితం ఆ నియమాల్లోనే కళ్లకు కడుతుంది. జాడ తీయడం, శత్రువుకు దొరక్కుండా మెలగడం, ఓర్క్‌ల నుంచి ట్రోల్‌ల దాకా రాక్షస జాతుల మీద పాత్ర స్థాయి (లెవెల్) పెరిగేకొద్దీ పెరిగే దెబ్బ, ఇవన్నీ ఆ జీవితానికి తగిన విద్యలే.

2014లో వచ్చిన అయిదో ఎడిషన్‌లోనూ ఈ విద్యల బలం గట్టిదే. రేంజర్ తనకు అలవాటైన నేలలో జాడ తీస్తే శత్రువులు ఎందరు, ఎంత పెద్దవాళ్లు, ఎంతసేపటి కిందట వెళ్లారు అన్నవి కచ్చితంగా తెలుస్తాయి. కత్తి దూయకముందే పోరాడాలా, పక్కకు తప్పుకోవాలా, పొంచి ఉండి కొట్టాలా అని బృందం నిర్ణయించుకోవచ్చు. ‘పాస్ వితౌట్ ట్రేస్’ మంత్రంతో చుట్టూ 30 అడుగుల్లో ఉన్న తనవాళ్లందరికీ దాక్కునే పాచికపై 10 కలుస్తుంది. ఇనుప కవచంతో గలగలమనే పాలడిన్ యోధుడు కూడా కాపలావాళ్ల పక్కనుంచి నడిచిపోగలడు. ‘గుడ్‌బెర్రీ’ మంత్రం పది పండ్లు ఇస్తుంది, ఒక్కో పండు ఒకరికి ఒక రోజు తిండి. ‘స్పైక్ గ్రోత్’ నేలను ముళ్లపొదగా మారుస్తుంది, అందులో ప్రతి అయిదు అడుగులకూ శత్రువు గాయపడతాడు. ముళ్లకు అవతల నిలబడి విల్లు ఎక్కుపెట్టిన రేంజర్‌ను చేరుకోవడానికి అతను రక్తం ధారపోయాల్సిందే.

ఇక 2014 నియమాల లోపాలు. మొదటిది ముందే చేయాల్సిన ఎంపిక. ఆట మొదలయ్యేటప్పుడే ఎనిమిది రకాల నేలల్లో ఒకదాన్ని, శత్రుజాతుల్లో ఒకదాన్ని ఎంచుకోవాల్సి వచ్చేది. అడవిని ఎంచుకున్నాక కథ సముద్రం మీదికి మళ్లితే ఆ విద్య మూలన పడేది. రెండోది మంత్రాల ఇరుకు. గురిపెట్టిన శత్రువుకు అదనపు గాయం చేసే ‘హంటర్స్ మార్క్’ మంత్రానికి ఏకాగ్రత కావాలి. పైన చెప్పిన ‘పాస్ వితౌట్ ట్రేస్’కూ ‘స్పైక్ గ్రోత్’కూ కావాలి. ఒకేసారి ఒక మంత్రం మీదే ఏకాగ్రత నిలుస్తుంది గనక ఒకటి పట్టుకుంటే మరొకటి జారిపోతుంది. మూడోది రేంజర్లలోని బీస్ట్ మాస్టర్ శాఖ. తోడుగా ఉన్న మృగం దాడి చేయాలంటే మొదట్లో రేంజర్ తన దాడి వదులుకోవాలి. తోడు దొరికిన ఆనందం ఆ లెక్కలోనే ఆవిరైపోయేది.

నాలుగోది అన్నిటికన్నా లోతైనది. ఆ నియమాల ప్రకారం అలవాటైన నేలలో రేంజర్ ఉంటే బృందం దారి తప్పదు, కష్టమైన నేల నడకను తగ్గించదు, వెతికితే తిండి రెట్టింపు దొరుకుతుంది. వినడానికి ఇదంతా గొప్ప వరమే. ఆటలో మాత్రం దారి తప్పుతామన్న భయం లేకపోతే డంజన్ మాస్టర్ ఆ ప్రయాణాన్ని ఒక్క వాక్యంలో ముగించేస్తారు: మూడు రోజుల తర్వాత కోట చేరారు. ఆ మూడు రోజులూ బృందాన్ని క్షేమంగా నడిపించింది రేంజరే. ఆ సంగతి ఎవరికీ కనిపించదు. ఫైటర్ బలం ప్రతి దెబ్బలో తెలుస్తుంది. రేంజర్ బలం జరగని ప్రమాదాల్లో ఉండిపోతుంది.

తయారీదారులు ఈ విమర్శలు విన్నారు. 2016లో సవరించిన రేంజర్‌ను ప్రయోగాత్మకంగా విడుదల చేశారు. 2017లో వచ్చిన గ్లూమ్ స్టాకర్ శాఖ రేంజర్ చీకట్లో, తొలి దెబ్బలో తిరుగులేనివాడు. 2020లో మృగాన్ని నడిపించే పద్ధతి తేలికైంది. 2024 నాటి కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ‘హంటర్స్ మార్క్’ను క్లాస్‌కు కేంద్రం చేసి, దాన్ని రోజుకు కొన్నిసార్లు ఉచితంగా వాడుకోనిచ్చింది. అలవాటైన నేల అన్న నియమాన్ని తీసేసింది. యుద్ధంలో రేంజర్ నిలదొక్కుకున్నాడు, సంతోషమే. కానీ వైద్యం సగమే జరిగింది. నేలతో ఉన్న అనుబంధాన్ని చక్కదిద్దాల్సిన చోట తగ్గించేశారు. నేల తెలియని రేంజర్ మరో విలుకాడు మాత్రమే.

మిగతా సగం వైద్యం బల్ల దగ్గర మన చేతుల్లోనే ఉంది. డంజన్ మాస్టర్లు, బృందం దారి తప్పుతుందా లేదా అని పాచిక వేయించడం మాని, దారుల మధ్య ఎంపిక ఇవ్వాలి. కనుమ గుండా వెళ్తే రెండు రోజులు, కానీ అక్కడ ట్రోల్‌ల జాడలున్నాయి. నది చుట్టూ తిరిగితే అయిదు రోజులు, నాలుగో రోజుకే బందీని ఉరి తీస్తారు. ఇప్పుడు రేంజర్ చెప్పే ప్రతి మాటకూ విలువ వస్తుంది. కష్టం తప్పినప్పుడు ఎవరి వల్ల తప్పిందో కూడా చెప్పాలి: ఊబి మీద పరుచుకున్న గడ్డిని రేంజర్ గుర్తుపట్టకపోతే గుర్రాలు మునిగిపోయేవి అని. ఆటగాడు తన వంతుగా అడుగుతూ ఉండాలి. పక్షులు ఎందుకు మౌనంగా ఉన్నాయి, ఈ బూడిద ఎప్పటిది, ఈ గాయం ఏ మృగం చేసింది? లోకాన్ని అంత శ్రద్ధగా చూసే పాత్ర బల్ల దగ్గర ఒక్కటి ఉన్నా ఆ లోకం అందరికీ నిజమవుతుంది. రేంజర్ ఆటకు ఇచ్చే గొప్ప కానుక అదే.

అందుకే రేంజర్ వద్దన్న సలహాను నేను ఒప్పుకోను. ఎంచుకునే ముందు డంజన్ మాస్టర్‌ను రెండు ప్రశ్నలు అడగండి: ఈ కథలో ప్రయాణం ఉందా? అది ఏ నేల మీద సాగుతుంది? కథంతా ఒక నగరం గోడల మధ్యే అయితే ఇంకో పాత్ర చూసుకోండి. దారి ఉందంటే మాత్రం సందేహించకండి, రేంజర్‌నే తీసుకోండి.