చోడవరం షెడ్డూ, టెక్సస్ గరాజూ

గుద్దుకున్న సెకండ్ హ్యాండ్ పికప్పును చవగ్గా కొని, ఇంటి దగ్గరే బాగుచేసి, మట్టిదారుల్లో, కొండదారుల్లో తిప్పుకోవడమనే పనికి నేనెరిగిన సంప్రదాయాలు రెండు. ఒకటి అమెరికా ఇళ్ల గరాజుల్లో పెరిగింది. రెండోది మన చోడవరం లాంటి ఊళ్లలో, రోడ్డు వార షెడ్డుల్లో, ఇంటి పెరళ్లలో, నూర్పులై ఖాళీ అయిన కల్లాల్లో పెరిగింది. రెండోదాన్ని పాఠకులకు కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. కానీ మొదటిదాన్ని దాని పక్కన నిలబెడితే, రోజూ చూసే షెడ్డులోనే మనం ఇన్నాళ్లూ గమనించని గొప్పతనం ఒకటి కనిపిస్తుంది, లోపం ఒకటి కనిపిస్తుంది. ఆ గరాజు సంగతీ అంతే.

రెండు చోట్లా పికప్పునే ఎంచుకోవడానికి కారణం ఒక్కటే: దాని చాసీ. ఈ కాలం కారు ఒంటి పెట్టె. ఒక మూల గుద్దితే ఆ దెబ్బ పైకప్పు దాకా పాకుతుంది. పికప్పు అలా కాదు. పొడుగ్గా రెండు ఇనప దూలాలు, మధ్య అడ్డకమ్ములు, దాని మీద ఇంజను, క్యాబిను, వెనక తొట్టి వేర్వేరుగా బోల్టులతో బిగించి ఉంటాయి. అనకాపల్లి మార్కెట్టుకు బెల్లం దిమ్మలు మోసే బొలెరో పికప్పుదీ ఈ కట్టుబడే, టెక్సస్‌లో తిరిగే టయోటా టకోమాదీ ఇదే. 2016 నుంచి మన శ్రీసిటీలో తయారవుతున్న ఇసుజు వీ-క్రాస్‌దీ ఇదే. మనిషి విప్పగలిగిన బండిని మనిషి బాగుచెయ్యగలడన్న ధైర్యం అక్కడా ఇక్కడా ఈ కట్టుబడి నుంచే పుట్టింది.

ధైర్యం ఒకటే అయినా దాని వెనక ఉన్న మనసు వేరు. అమెరికావాడు బండిని ఇంటికి తెచ్చుకునేది చాలాసార్లు బయటి మెకానిక్కును నమ్మలేక. రాబర్ట్ పిర్సిగ్ మోటార్ సైకిల్ రిపేరు మీద 1974లో రాసిన ప్రసిద్ధ పుస్తకంలో ఈ అపనమ్మకమే ఆలోచనలకు మొదలు. రేడియో పాటలు వింటూ అశ్రద్ధగా ఇంజను పాడుచేసిన షెడ్డువాళ్లను చూశాకే, తన బండి తానే చూసుకోవాలన్న నిర్ణయం గట్టిపడుతుంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుకుని వెళ్లిన మనిషి అతను. పానా పట్టుకోవడాన్ని ధ్యానంగా చూడగలిగాడు. మనకైతే ఇంటి దగ్గర రిపేరు అంటే ఒంటరి పని కాదు. నమ్మిన మేస్త్రిని పెరట్లోకి పిలిపించుకోవడం. బండి యజమాని కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుంటాడు, మధ్యలో టీలు తెప్పిస్తాడు, జాకీ కింద చెక్క పెడతాడు. మేస్త్రి “ఏటి బాబూ, ముక్కు ఇంతలా గుద్దీసినారు” అంటూ బానెట్టు ఎత్తడంతో పని మొదలవుతుంది.

అక్కడ ఒక్కడే ఏడుగురి పని చేస్తాడు. ఇక్కడ ఏడుగురు చేరి ఒక బండి బాగుచేస్తారు. ఇంజను మేస్త్రి, టింకరింగ్ చేసేవాడు, పెయింటరు, కరెంటు పని చేసేవాడు, రేడియేటరు అతుకువేసేవాడు, కమాన్ కట్టలవాడు, లేత్ పనివాడు. చోడవరంలో ఈ విద్యలన్నీ దగ్గరదగ్గరగా దొరకడానికి పరిసరాలు సాయపడ్డాయి. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన ట్రాక్టర్లు, ట్రాలీలు, పాడేరు ఘాటు ఎక్కి దిగే జీపులు, లారీలు ఉన్నచోట ఇరుసులు విరుగుతాయి, కమాన్ పట్టీలు తెగుతాయి. తెగినచోట బాగుచేసేవాడు తయారవుతాడు.

గరాజువాడికి ఏడు విద్యలూ ఎక్కడివి? పుస్తకంలోంచి వచ్చాయి. ఇంగ్లండుకు చెందిన జాన్ హేన్స్ 1966లో ఆస్టిన్ హీలీ స్ప్రైట్ కారు మీద తన పేరుతో మొదటి రిపేరు పుస్తకం తెచ్చాడు. బండిని నట్టు నట్టుగా విప్పి, మళ్లీ బిగిస్తూ, ఒక్కో మెట్టుకూ ఫొటో తీసి చూపడం ఆ పుస్తకాల పద్ధతి. అమెరికా గరాజుల్లో అవి నూనె మరకలతో కనిపిస్తాయి. ఏ బోల్టు ఎంత బిగువు పట్టాలో అంకెలతో సహా అందులో ఉంటుంది. ఇప్పుడు వాటి స్థానంలోకి వీడియోలు వచ్చాయి గానీ చదువు తీరు మారలేదు: ముందు చూడు, తర్వాత చెయ్యి. మన షెడ్డు చదువు దీనికి తలకిందులు. ముందు చెయ్యి, చేస్తూ చూడు. కుర్రాడు మొదట పానాలు అందిస్తాడు, తర్వాత చక్రాలు విప్పుతాడు, కొన్నేళ్లకు గురువుగారు ఊళ్లో లేని రోజున గేరుబాక్సు దించుతాడు. బోల్టు బిగువు అంకెగా కాదు, మణికట్టుకు తెలుస్తుంది. బడిలో ఉండాల్సిన వయసు పిల్లల్ని ఈ చదువు మింగిందన్నది కూడా నిజమే, దాన్ని మెచ్చుకోలు చాటున దాచకూడదు.

అయితే ఆ చేతికి ఒక వంశవృక్షం ఉంది. ఎద్దుబండి చక్రానికి ఇనప పట్టా వేసే కమ్మరి, పట్టాను చక్రం కంటే కాస్త చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించగానే చక్రానికి తొడిగి నీళ్లు పోసేవాడు. ఇనుము ఎంత కాలితే ఎంత సాగుతుందో, చల్లారితే ఎంత లాగుతుందో చూపుతోనే చెప్పగలిగిన ఆ జ్ఞానమే వంగిన బంపర్ కమ్మిని గ్యాసు మంటతో సరిచేసే చేతిలో ఉంది. అమెరికన్ సంప్రదాయానికీ ఇలాంటి పల్లె మూలమే ఉంది. స్టైన్‌బెక్ 1939 నవల ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’లో కరువుకు ఊరు వదిలిన జోడ్ కుటుంబం హడ్సన్ కారును కోసి ట్రక్కుగా మార్చుకుంటుంది. దారిలో తోటివాళ్ల డాడ్జి కారు బేరింగు పోతే, అన్నదమ్ములిద్దరూ పాత బండ్ల యార్డులో భాగం వెతికి తెచ్చి రోడ్డు పక్కనే బిగిస్తారు. అది గరాజు కాదు, అచ్చంగా మన షెడ్డు. గరాజు సరదాగా మారింది ఆ తర్వాత, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక.

ఇక అసలు పరీక్ష దగ్గరికి వద్దాం: వంగిన చాసీ. ముందువైపు గుద్దుకున్న పికప్పులో మడ్‌గార్డు, బానెట్టు, రేడియేటరు పోవడం కంటికి కనిపిస్తుంది. దూలం ముందు కొమ్ము అరంగుళం పక్కకు జరగడం కనిపించదు. అలా జరిగిన బండికి ఎంత వీల్ అలైన్‌మెంట్ చేయించినా ఒకవైపు లాగుతూనే ఉంటుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. దెబ్బ పెద్దదైతే వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవక పక్కకు జరిగి నడుస్తాయి. గరాజువాడు బండిని సమమైన సిమెంటు నేల మీద నిలబెట్టి, చాసీ మీది గుర్తుల నుంచి మట్టగుండు వేలాడదీసి, నేల మీద సుద్దతో చుక్కలు పెడతాడు. బండిని పక్కకు తోసి ఆ చుక్కల మధ్య అడ్డంగా, ఐమూలగా టేపు లాగుతాడు. రెండు ఐమూలలూ సమానమైతే చాసీ నిజం చెబుతున్నట్టు. ఎడమ ముందు చక్రం నుంచి ఎడమ వెనక చక్రానికి ఎంత ఉందో, కుడివైపూ అంతే ఉండాలి. ఈ పద్ధతికి కావలసిన సామాను మన తాపీ మేస్త్రి సంచిలోనే ఉంది. అయినా మన షెడ్డుల్లో చాలాచోట్ల కన్నే కొలబద్ద. మంచి మేస్త్రి కన్ను గొప్పదే, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ కొలిచి రాసిన అంకెను పక్కవాడు సరిచూడగలడు, కన్నును సరిచూడలేడు.

లాగే పనిలో మాత్రం షెడ్డుదే పైచేయి. గొలుసు ఎక్కడ కట్టాలి, ఏ వైపుకు లాగాలి, ఒక్కసారి లాగి వదలాలా, కొంచెం ఎక్కువ లాగి వెనక్కి రానివ్వాలా అన్నది పుస్తకం చదివి పట్టుబడేది కాదు. చెట్టు మొదలుకు చైన్ బ్లాక్ కట్టి, లాగుతూ మధ్యమధ్య సుత్తితో తట్టి లోహంలోని బిగువు వదిలించే మేస్త్రి చేతిని గరాజువాడు చూస్తే నేర్చుకునేది చాలా ఉంది. అదే మేస్త్రి దగ్గర ఉన్న ప్రమాదం గ్యాసు మంట. పాత బండ్ల మెత్తని ఇనుముకు కాల్చి వంచడం చెల్లింది. కొత్త బండ్లలో వాడే అధిక బలమున్న ఉక్కు కాలితే ఆ బలమే పోతుంది. పైకి తిన్నగా కనిపిస్తుంది, తర్వాతి దెబ్బకు కాగితంలా ముడుచుకుంటుంది. వంశపారంపర్యంగా వచ్చిన విద్య ఒక్కటే ఇక్కడ చాలదు, ఉక్కు మారింది.

విడిభాగాల దగ్గర తేడా కూలీ లెక్కల్లోంచి వస్తుంది. అక్కడ మనిషి గంట ఖరీదు, రేకు చవక. అందుకే యార్డు నుంచి మరో మడ్‌గార్డు తెచ్చి బోల్టులు బిగిస్తారు. ఇక్కడ రేకు ఖరీదు, మనిషి గంట చవక. అందుకే నలిగిన మడ్‌గార్డునే డాలీ పెట్టి సుత్తితో సాగదీసి, పుట్టీ పూసి రంగు వేస్తారు. మరీ పోయినదైతే గాజువాక పక్కనున్న ఆటోనగర్‌కో, బెజవాడ ఆటోనగర్‌కో వెళ్తారు. ఈ పాత నైపుణ్యాలకు రెండు చోట్లా ఒకే గడ్డుకాలం వచ్చింది. ఫోర్డు ఎఫ్-150కి 2015 మోడల్ నుంచి అల్యూమినియం బాడీ. ఇనుముకు అలవాటైన చేతికి అది లొంగదు. అలాగే రాగి, ఇత్తడి రేడియేటరుకు అతుకువేసే మన పనివాడికి ప్లాస్టిక్ ట్యాంకు రేడియేటరు మీద చేసేదేమీ లేదు.

అమెరికావాళ్ల దగ్గర నేను నిజంగా అసూయపడేది కాగితాన్ని చూసి. అక్కడ రాష్ట్రాన్ని బట్టి లెక్క ఉంటుంది. చాలాచోట్ల రిపేరు ఖర్చు బండి విలువలో 75 శాతం దాటితే, టెక్సస్‌లోనైతే పూర్తి విలువను మించితే, యాజమాన్య పత్రం మీద సాల్వేజ్ అని ముద్ర పడుతుంది. బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించినా ‘రీబిల్ట్’ అన్న మాట దాన్ని వదలదు. కొనేవాడికి బండి గతం తెలుస్తుంది, ధర దాన్ని బట్టే తగ్గుతుంది. మన బీమా లెక్కలోనూ బండి ప్రకటిత విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కిందే చూస్తారు. అంకె ఒకటే, ఫలితం వేరు. పూర్తిగా పనికిరాకుండా పోయిన బండి సంగతి యజమాని 14 రోజుల్లో తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. కానీ బాగుపడి తిరిగి వచ్చిన బండి ఆర్సీలో దాని దెబ్బ గురించి ఒక్క గడి లేదు. రంగు వేశాక గతం చెరిగిపోతుంది. చెయ్యి ఎంత గొప్పదైతే మోసానికి అంత వీలు.

దారి విషయంలో ఇద్దరికీ పోలికే లేదనిపిస్తుంది మొదట. యూటాలోని మోయాబ్‌కు వెళ్లేవాడు బండల మీద బండి ఎక్కించే ఆనందం కోసం వెళ్తాడు. చోడవరం నుంచి వడ్డాది, గరికబంద మీదుగా ఘాటు ఎక్కి, పాడేరు దాటి లోపలికి వెళ్లే జీపుకు రోడ్డు లేకపోవడం సరదా కాదు. సంతకు పసుపు దించాలి, గెడ్డ పొంగకముందే తిరిగి రావాలి. జీపు కూడా వెళ్లని ఊళ్ల నుంచి రోగిని డోలీలో మోసుకొస్తున్న మన్యం ఇది. ఈ తేడాను మరిచి ఆఫ్‌రోడింగ్ గురించి రాయడం తప్పు. అయితే ఇప్పుడు వంజంగి కొండ మీద మేఘాలు చూడ్డానికి, లంబసింగి చలికి, సొంత పికప్పులో వెళ్లే కుర్రాళ్లు మన దగ్గరా వచ్చారు. వాళ్ల ఫోనులో టెక్సస్ గరాజు వీడియో నడుస్తుంటే, పెరట్లో చోడవరం మేస్త్రి సుత్తి నడుస్తోంది. రెండు నదులూ కలిసింది ఇక్కడే.

కలిసినప్పుడు ఎంచుకోవలసింది జాగ్రత్తగా ఎంచుకోవాలి. వీడియోలోని ఆరంగుళాల లిఫ్టు, రాక్షసి టైర్లు ఇక్కడ అక్కర్లేదు. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తోంది, 2019లో సుప్రీంకోర్టు ఆ మాటను మరింత గట్టిగా చెప్పింది. ముందు బిగించే ఇనప గార్డును కేంద్రం 2017లోనే తప్పుపట్టింది. గుద్దుకున్నప్పుడు నలగడానికే తీర్చిన భాగం నలగకుండా ఆ గార్డు దెబ్బను చాసీకీ, ఎదుటి మనిషికీ పంపిస్తుంది కాబట్టి ఆ తప్పుపట్టడం న్యాయమే. వంజంగి దారికి తిన్నటి చాసీ, తెగని కమాన్ పట్టీలు, మట్టికి పట్టు దొరికే టైర్లు, ముందూ వెనకా గట్టి టోయింగ్ కొక్కెం, దిగేటప్పుడు చిన్న గేరులో ఉంచే ఓపిక చాలు. ఒకసారి విచ్చుకున్న ఎయిర్‌బ్యాగు, ఒకసారి బిగిసిన సీటుబెల్టు ప్రీటెన్షనరు మళ్లీ పనిచెయ్యవు. వాటిని మార్చకుండా డ్యాష్‌బోర్డు లైటు ఆర్పి ఊరుకునేవాళ్లు టెక్సస్‌లోనూ ఉన్నారు, చోడవరంలోనూ ఉన్నారు. అలాంటి బండిని ఎంత అందంగా రంగు వేసినా బాగుచేసిన బండిగా నేను ఒప్పుకోను.

ఈ రెండింటిలో ఏది గొప్పదని అడిగితే చెయ్యి మనది గొప్పది, కొలత వాళ్లది గొప్పది. మేస్త్రిని మార్చుకోకండి. ఆయన గొలుసు కట్టే ముందు ఒకసారి, విప్పాక ఒకసారి చాసీ ఐమూలలు టేపుతో కొలిచి, ఏది మార్చారో, ఏది అతికారో, ఏది కాల్చారో ఒక కాగితం మీద రాయించి, తేదీ వేయించండి. బండి అమ్మేరోజున ఆ కాగితాన్ని ఆర్సీతో పాటు కొనేవాడి చేతిలో పెట్టండి.