కాలక్రమమున కార్తేజి యుద్ధములు: ఒక బల్లయాటపై విమర్శ

ఇట్టి సంచికలలో కావ్యమునో నాటకమునో విమర్శించుట వాడుక. మేము ఈ యేడు ఒక ఆటను విమర్శింపబూనితిమి. చదువరులు నవ్వుకొనవచ్చును. కాని చదరంగము పుట్టిన దేశమువారికి పలకమీద యుద్ధమును చూచుట కొత్త గాదు. ఏనుగులు, గుఱ్ఱములు, రథములు, కాల్బలము మన చతురంగమునను కలవు. అయితే ఆ యుద్ధము ఏ చోట, ఏ యేట, ఎవరికెవరికి జరిగినదో చతురంగము చెప్పదు. పాశ్చాత్యులు ఆ కొఱతను తీర్చుకొనిరి. 1824లో ప్రష్యా సైన్యము రైస్విట్జ్ అను అధికారి కూర్చిన యుద్ధక్రీడను తన అధికారుల శిక్షణకు స్వీకరించెను. 1958లో అమెరికాలో వెలువడిన ‘గెటిస్‌బర్గ్’ అను ఆటతో నిజముగ జరిగిన యుద్ధమొకటి సామాన్యజనుల భోజనపు బల్లమీదికి వచ్చెను.

మేము విచారింపబోవునది 2006లో రిచర్డ్ బోర్గ్ రచించిన ‘కమాండ్స్ అండ్ కలర్స్: ఏన్షెంట్స్’. మొదటి పెట్టెలో 15 యుద్ధములున్నవి. అవి క్రీ.పూ. 406 నాటి అక్రాగస్‌తో మొదలై క్రీ.పూ. 202 నాటి జామాతో ముగియును. షట్కోణపు గళ్ళ పలక, అంటింపు బొమ్మలుగల కొయ్యదిమ్మెలు, ఆజ్ఞాపత్రములు, పాచికలు, ఇవియే సామగ్రి. పదాతిదళమునకు నాలుగు దిమ్మెలు, అశ్వదళమునకు మూడు, గజదళమునకు రెండు. శత్రుదళమును పూర్తిగ తొలగించినవానికి పతాకమొకటి. నిర్ణీతసంఖ్యలో పతాకములు ముందుగ సంపాదించినవాడు విజేత.

బెంగుళూరున పెరుగుచున్న మా మనుమడు వేసవి సెలవులకు బరంపురము వచ్చుచు ఈ పెట్టెను వెంట తెచ్చెను. వానికి కన్నే యుద్ధమనిన మక్కువ. “తాతగారూ, కన్నేతో మొదలుపెడదాం” అనెను. మేము ఒప్పుకొనలేదు. రోముకును హన్నిబాలునకును జరిగిన యుద్ధములను వరుస తప్పక ఆడవలెనని షరతు పెట్టితిమి. చరిత్రను ముక్కలుగ చదివిన పిల్లలకు అది కథల సంచిగనే మిగులునని మా తలంపు. ఆ తలంపు ఎంతవఱకు నిలిచినదో చెప్పుటకే ఈ వ్యాసము.

మనుమడు కార్తేజి పక్షము, మేము రోము పక్షము. క్రీ.పూ. 218 నాటి టిసినస్‌లో వాడే గెలిచెను. ఆ యేటి చివర జరిగిన ట్రెబియాలో మేము గెలిచితిమి. చరిత్రలో అది రోముకు ఘోరపరాజయము. తిండి లేక, మంచువంటి యేటిని దాటి, వణకుచు వచ్చిన సైనికులను హన్నిబాలు పొంచియుంచిన దళముతో వెనుకనుండి కొట్టించెను. మాకు పాచికలు అనుకూలించినవి. మఱునాడు ట్రాసిమీన్ సరస్సు పటమును పఱచుచు మనుమడు అడిగెను: “నిన్న మీరు గెలిచారు గదా తాతగారూ, మరి హన్నిబాలు ఇక్కడికెలా వచ్చాడు?”

మాకు ప్రత్యుత్తరము దొరకలేదు. ఈ ఆటకు గల ప్రధానలోపమును బాలుడు ఒక్క ప్రశ్నలో పట్టుకొనెను. ఇందు ప్రతి యుద్ధమును క్రొత్తగ పుట్టును. నిన్న చచ్చిన దళము నేడు నిండుదిమ్మెలతో నిలుచును. నిన్నటి గెలుపునకు నేడు విలువ లేదు. విడివిడిగ ఆడువారికి ఇది లోపమని తోచదు. వరుసగ ఆడినవారికి మాత్రమే కనబడును. గెలిచినవానికి మఱునాడు ఒక ఆజ్ఞాపత్రము అధికముగ ఇత్తమని మాలో మేము ఒక కట్టుబాటు చేసికొంటిమి. దానివలన మేలుకంటె కీడే కలిగెను. సరస్సు ఒడ్డున మంచుతెరలో చిక్కుకొనవలసిన రోమకసేన అధికపత్రముతో సులభముగ తప్పించుకొనుటయు, ఆ పొంచివేటు అర్థహీనమగుటయు చూచి, ఆ కట్టుబాటును నాడే విడిచితిమి.

వరుస వలన లాభము లేదని మా భావము కాదు. టిసినస్‌లో గాయపడిన తండ్రిని రక్షించినాడని పాలిబియస్ చెప్పిన పదునేడేండ్ల పిల్లవాడే కన్నేలో చావు తప్పించుకొన్నవారిలో ఒకడు. జామాలో హన్నిబాలును ఓడించిన సిపియోయు అతడే. జామాను మాత్రమే ఆడువానికి సిపియో ఒక పేరు. వరుసగ వచ్చినవానికి అతడు పదునాఱేండ్లు ఓటమినుండి పాఠము నేర్చిన మనిషి.

కన్నేనాడు మనుమడు పతాకములు లెక్కించుచు పొంగిపోయెను. మేము లివీ చెప్పిన లెక్కను చదివితిమి: రోమకులలో చచ్చినవారు 45,500 పదాతులు, 2,700 ఆశ్వికులు. పాలిబియస్ లెక్క ఇంతకంటె పెద్దది. వాడు కొంతసేపు మాటాడలేదు. పతాకము ఒక్కటే, దాని క్రింద ఎందఱు చచ్చిరో పలక చెప్పదు. ఆటను మేము ఇందుకు తప్పుపట్టము, చదరంగముగూడ చెప్పదు.

తప్పుపట్టవలసినది కన్నే తరువాతి కాలము. క్రీ.పూ. 216 మొదలు మెటారస్ జరిగిన 207 వఱకు గల యేండ్లలో పెట్టె మనలను స్పెయిను దేశమునకు కొనిపోవును. ఇటలీలో ఆ యేండ్ల అసలు పని బహిరంగయుద్ధము కాదు. ఫేబియస్ నేర్పిన మార్గమున రోమకులు హన్నిబాలుతో పెద్దయుద్ధమునకు దిగక, అతని వెంట తిరుగుచు, అతనిని చేరిన పట్టణములను ఒక్కొక్కటిగ మరల పట్టుకొనిరి. 212లో సిరాక్యూసు, 211లో కాపువా, 209లో టారెంటము. యుద్ధము చేయకుండుటయే యుద్ధతంత్రమైనపుడు దానికి దృశ్యము కల్పించుట ఆటకు చేతకాదు. పతాకము రాని పని ఈ పెట్టెలో పనియే కాదు. హన్నిబాలును ఇటలీలో క్రుంగదీసినది మాత్రము ఆ పనియే. ఆ ఖాళీని ఎట్లు చూపుదుమా యని, మేము ఒకనాడు ఆట మాని, ఇటలీ పటము ముందర పెట్టుకొని కూర్చుంటిమి. మనుమడు ఆవలించెను. ఫేబియసును చూచి రోమకులును అట్లే విసిగిరని చెప్పితిమి.

ఏనుగుల విషయములో ఈ ఆట మిక్కిలి మెచ్చదగినది. గజదళము ఎదుట ఎంత బలమున్నదో అంత బలముతో కొట్టును; వెనుకకు తగ్గవలసివచ్చినచో పిచ్చెత్తి, ప్రక్కనున్నది తనవాడో పగవాడో చూడక తొక్కును. ఒక్క నిబంధనతో ఏనుగు స్వభావమంతయు వచ్చినది. కాని మావటి లేడు. పాలిబియస్ తన చరిత్రలో హన్నిబాలు మావటులను ‘ఇండియనులు’ అనియే పిలిచెను. ఏ దేశమునవారైనను ఆ పనివారికి గ్రీకులు మన దేశపు పేరే పెట్టిరి. మెటారస్‌లో ఏనుగులు అదుపు తప్పగా, మావటులే వాని మెడవద్ద ఉలి పెట్టి సుత్తితో కొట్టి చంపిరని, శత్రువులు చంపినవానికంటె అట్లు చచ్చినవే యెక్కువ యని లివీ వ్రాసెను. పెంచినవాడే చంపవలసివచ్చిన ఆ క్షణమునకు దిమ్మె లేదు, పాచిక లేదు. మేము మెటారస్‌ను ఆడిన సాయంకాలము మనుమడు ఓడిపోయినను, ఓటమిని మఱచి మావటులనుగూర్చియే అడుగుచుండెను.

జామాలో హన్నిబాలునకు ఎనుబదికి పైగా ఏనుగులుండెను. సిపియో తన దళముల నడుమ సందులు విడిచి వానిని ఆ సందులగుండ పోనిచ్చెను. మా మనుమడు ఇది ముందే వినియుండుటచే ఏనుగులను ముందుకు పంపక వెనుకనే నిలిపి, కాల్బలముతో పోరాడి, మమ్ము ఓడించెను. హన్నిబాలు గెలిచెను!

దిమ్మెలు సంచిలో వేయుచు, “ఇప్పుడు కార్తేజి ఏమవుతుంది తాతగారూ?” అని అడిగెను. పెట్టెలో ఆ తరువాతి పుట లేదు. క్రీ.పూ. 146లో రోమకులు ఆ నగరమును నేలమట్టము చేసిరని చెప్పితిమి. “నేను గెలిచాక కూడానా?” అనెను వాడు. అపుడు వాని చేతిలో రెండు ఏనుగులు మిగిలియుండెను. వానిని సంచిలో వేయక, మా కలముల పెట్టెలో పెట్టి బెంగుళూరు వెళ్ళెను.