ఖట్వారూఢపదవిచారము

పాణినీయమున రెండవ యధ్యాయము ప్రథమపాదమునందలి 26వ సూత్రముచే సిద్ధించు ‘ఖట్వారూఢ’ పదము లోకవ్యవహారమున మాసిపోయినది గాని, ఆ పదముచేఁ జెప్పఁబడిన మనుష్యుఁడు మాసిపోలేదు. ఖట్వ యనఁగా మంచము. బ్రహ్మచారికి నేలపడక విధి. చదువు ముగించి, స్నాతకుఁడై, గురువుల యనుజ్ఞ వడసిన పిమ్మటఁ గాని వాఁడు మంచ మెక్కరాదు. ఈ క్రమము తప్పి ముందే యెక్కినవానిని నిందించుటకై ఈ పదము పుట్టినదని మహాభాష్యకారుఁడు వివరించెను. నేఁటి మాటలలోఁ జెప్పవలసినచో, కళాశాలను నడుమ విడిచి సంపాదనకుఁ బోయినవాఁడే ఖట్వారూఢుఁడు.

ఈ పదమును మరల విచారింపవలసిన పట్టు హైదరాబాదునందలి జూబ్లీహిల్సు, ఫిలింనగరు. ఒకప్పుడు చెన్నపట్టణమున నెలకొన్న తెలుఁగు చలనచిత్రపరిశ్రమ క్రమముగా హైదరాబాదునకుఁ దరలివచ్చెను. 1976లో బంజారాహిల్సున అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో వెలసెను. తరువాత ఫిలింనగరున రామానాయుడు స్టూడియో, చలనచిత్ర వాణిజ్యమండలి భవనము ఏర్పడి, ఆ రాతిగుట్టలే పరిశ్రమకు నెలవయ్యెను. పాటలు వ్రాయఁగోరువారు, కథలు చెప్పఁగోరువారు, దర్శకులకు సహాయకులుగాఁ జేరఁగోరువారు నానామండలములనుండి వచ్చి, చేరువనున్న కృష్ణానగరున గదులు కుదుర్చుకొని, పైనున్న ఫిలింనగరువంకఁ జూచుచుందురు. వారిలోఁ గళాశాలను నడుమ విడిచివచ్చినవారును గలరు.

అట్టివారినిగూర్చి లోకమున రెండు తీర్పులు వినఁబడుచున్నవి. పట్టము లేక వెడలినవాఁడు చెడినవాఁడే యని ఉపాధ్యాయలోకము తలఁచును. కళాశాలను విడుచుటయే ప్రతిభకు గుఱుతని సినిమాపత్రికలు వ్రాయును. విజయము నొందినవాని చరిత్రమున ఆ ఘట్టము అలంకారముగాఁ జేరును. ఈ రెండింటిలో నేది గ్రాహ్యము? ఇరువదియేండ్లయిన నిండని బాలుని జీవితము ఈ తీర్పుపై నాధారపడి యుండుటచే దీనిని కేవలపదచర్చగా విడువరాదు.

ముందుగా సూత్రమర్యాదను పరిశీలింపవలయును. ద్వితీయాంతమైన ఖట్వాశబ్దము క్తప్రత్యయాంతముతో సమసించును. అది నింద తోఁచునపుడు మాత్రమే. ‘మంచము నెక్కెను’ అని విడివిడిగాఁ జెప్పిన వాక్యమున నింద లేదు. ఎవ్వఁడో యెక్కెనను వృత్తాంతము మాత్రమే కలదు. నింద సమాసమునకే చెందినది. కావుననే వికల్పాధికారమున నున్నను ఇది నిత్యసమాసమని కాశికయందు నిర్ణయింపఁబడినది. మంచ మెక్కుట యిచట తప్పుదారి పట్టుటకు ఉపలక్షణమనియు, వినయము లేనివాఁ డెవ్వఁడైనను ఈ పేరున కర్హుఁడనియు అచటనే చెప్పఁబడినది. దీనివలనఁ దేలిన యంశము స్పష్టము. దోషము మంచమున లేదు; శిక్షణమును తృణీకరించిన మనస్సునందున్నది.

తెలుఁగునను ఈ భేదము కలదు. ‘వాఁడు బడి విడిచెను’ అనునది వాక్యము. ‘బడిదొంగ’ యనునది సమాసము. మొదటిదానిని వినినవాఁడు కారణమేమని యడుగును. రెండవదానిని వినినవాఁ డిఁక నేమియు నడుగఁడు, తీర్పు ఆ పదముననే యిమిడియున్నది గనుక. వాక్యము చెవినిఁ బడఁగానే సమాసార్థము నారోపించుట ఉపాధ్యాయుల పొరపాటు. నిందార్థకమైన సమాసమునే బిరుదముగాఁ దొడుగుట పత్రికల పొరపాటు.

ఆ పాదముననే 42వ సూత్రముచే ‘తీర్థకాక’ పదము సిద్ధించును. రేవునకు వచ్చిన కాకి అచట చిరకాలము నిలువనట్లు గురుకులమునఁ జేరియు నిలువనివాఁడు తీర్థకాకమని భాష్యము. రెండు పదములును నిందార్థకములే యైనను విషయభేదము కలదు. ఖట్వారూఢుఁడు క్రమము తప్పినవాఁడు; వానికి జీవనమైనను దొరకినది. తీర్థకాకమునకు నిలుకడయే లేదు. ఒక రేవునుండి మఱియొక రేవునకు ఎగురుటయే దాని పని. చదువు విడిచినవారినందఱను ఒక్కగాటఁ గట్టక, ఎవ్వఁ డే తెగవాఁడో విడఁదీయుట విమర్శకుని విధి.

ఇందునకు మొదటి యుదాహరణము ఆరుద్రగారు. 1925లో జన్మించిన భాగవతుల సదాశివ శంకరశాస్త్రిగారు విజయనగరమునఁ గళాశాలలోఁ జేరియు, చదువు ముగింపకయే 1943లో వైమానికదళమున ప్రవేశించి 1947 వఱకు అచట పనిచేసిరి. పిదప చెన్నపట్టణమునఁ జిత్రములకుఁ బాటలు వ్రాసి జీవించిరి. ఇంతవఱకు విని ఆగినవాఁడు ‘ఖట్వారూఢుఁడు’ అని తీర్పుచెప్పును. కాని 1949లో ‘త్వమేవాహం’ వెలువడెను. 1965 మొదలుకొని ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ పండ్రెండు సంపుటములుగా వెలువడెను. రాజవంశముల క్రమమునఁ గాలమును విభజించి, కవులను కృతులను వరుసఁబెట్టి, తెలుఁగు సాహిత్యచరిత్రమునంతయు ఒంటిచేత వ్రాయఁబూనిన గ్రంథమిది. పట్టము పొందినవారు చదువుకొనవలసిన పుస్తకమును పట్టము లేనివారు వ్రాసిరి. ఆంధ్రవిశ్వవిద్యాలయము వారిని కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. ‘గురజాడ గురుపీఠం’ అను వ్యాససంపుటమునకు 1987లో కేంద్రసాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. ఆరుద్రగారు విడిచినది కళాశాలను, అధ్యయనమును గాదు.

రెండవ యుదాహరణము ఫిలింనగరునకు మఱింత చేరువైనది. చేంబోలు సీతారామశాస్త్రిగారు 1955లో జన్మించిరి. వైద్యవిద్యలోఁ జేరి, దానిని నడుమ విడిచి, టెలిఫోనుశాఖలో ఉద్యోగమునఁ బ్రవేశించిరి. ‘భరణి’ యను పేరఁ గవితలు వ్రాసిరి. 1986లో కాశీనాథుని విశ్వనాథ్‌గారి ‘సిరివెన్నెల’ చిత్రమునకుఁ బాటలు వ్రాయఁగా, ఆ చిత్రనామమే వారికి ఇంటిపేరయ్యెను. ఆ యేఁడును, తరువాతి రెండేండ్లును వరుసగా నంది పురస్కారము వారినే వరించెను. 2019లో పద్మశ్రీ లభించెను. 2021 నవంబరు 30వ తేదీన మరణింపఁగా, ఫిలింనగరునందలి వాణిజ్యమండలి ప్రాంగణమున వారి కాయమును దర్శించుటకు జనము తరలివచ్చెను.

ఈ చరిత్రమును దృష్టాంతముగాఁ జెప్పువారు ఇందలి క్రమమును మఱచుచున్నారు. విడిచినది వైద్యము, చేరినది నెలజీతము గల కొలువు, ఆ కొలువునీడను సాగినది సాహిత్యాభ్యాసము, చిత్రసీమ పిలుపు ఆ పిమ్మట వచ్చినది. ఇది కళాశాలనుండి సూటిగా ఫిలింనగరునకు దూఁకిన వృత్తాంతము కాదు. ‘సిరివెన్నెల’ చిత్రమునందలి ప్రణవనాదగీతము వేదాంతపరిభాషను తెలుఁగుపలుకుబడితోఁ గలిపి నడపిన తీరు దీర్ఘాభ్యాసఫలమే కాని పిలుపు వచ్చిననాఁడు పుట్టినది కాదు.

మఱియు ఈ వివాదమునే ఆ కవి తన రచనలో విచారించుట విశేషము. 1988నాఁటి ‘స్వర్ణకమలం’ చిత్రమున నాయిక మీనాక్షి కూచిపూడి నాట్యాచార్యుని కూఁతురు. విద్య కూడు పెట్టదని తండ్రి నేర్పిన నాట్యమునకు విముఖురాలై, అందఱవలె సుఖముగా బ్రతుకఁగోరును. అందొక యుగళగీతమున రెండు పక్షములు ఎదురెదురుగా నిలిచినవి. పడమట క్షణకాలము మెఱయు వెలుఁగులకు భ్రమసి చీఁకటిని కోరుకొనవలదని, వేకువతోడి బంధమును నిలుపుకొమ్మని యొక పక్షము. నేలను పట్టియుంచు వేరే చెట్టునకు సంకెలయగుననియు, దిక్కులన్నిట నున్న యందమును వదలుకొని యొకచోట నిలిచిపోరాదనియు రెండవ పక్షము. సామాన్యకవి యైనచో రెండవపక్షమును పరిహసించి నీతి చెప్పియుండును. ఈ కవి యట్లు చేయలేదు. వేరు ఆధారమును, బంధమును గూడ నగునని యెఱిఁగి, రెండవపక్షమునకును సమానమైన సొగసునిచ్చెను. ఒక చదువును విడిచి, వేఱొక చదువును విడువని జీవితమునుండి వచ్చిన నిష్పక్షపాతమిదియని యూహించుట అసంగతము కాదు.

ఇచట నొక యాక్షేపము పుట్టును. ఇద్దఱు మహాకవుల చరిత్రమును జూపి విడుచుటను సమర్థింపవచ్చునా? సమర్థింపరాదు. అపవాదము ఉత్సర్గమును తన విషయమున మాత్రమే బాధించును. అన్యత్ర ఉత్సర్గమే ప్రవర్తించును. చదువును ముగించుట ఉత్సర్గము. ముగించినందున ఫిలింనగరున నష్టపడినవారు లేరు. నందమూరి తారక రామారావుగారు గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలోఁ బట్టము పొంది, సబ్‌రిజిస్ట్రారు కొలువునఁ జేరి, కొలఁదికాలముననే దానిని విడిచి 1949లో ‘మనదేశం’ చిత్రమునఁ గనఁబడిరి. త్రివిక్రమ్ శ్రీనివాస్‌గారు ఆంధ్రవిశ్వవిద్యాలయమున న్యూక్లియర్ ఫిజిక్సులో స్నాతకోత్తరపట్టము పొందిన పిమ్మటనే చిత్రములకు సంభాషణలు వ్రాయఁబూనిరి. ఆ పట్టములు వారి కళకు హేతువులు కావు, ప్రతిబంధకములును గావు. కళ ఫలింపనిచోఁ దిరిగిపోవుటకు వారికొక త్రోవ యుండెను. కృష్ణానగరు గదిలో దినములు లెక్కించు యువకునికి ఆ త్రోవ యున్నదా లేదా యనుటయే ముఖ్యమైన ప్రశ్న.

విద్య నాలుగు విధముల సార్థకమగునని మహాభాష్యమున నున్నది: గురువువలన గ్రహించు కాలము, తాను మననము చేసికొను కాలము, ఇతరులకు బోధించు కాలము, వ్యవహారమున వినియోగించు కాలము. విశ్వవిద్యాలయము వీనిలో ముఖ్యముగా మొదటిదానికే చోటు. తక్కిన మూఁడును దాని గోడలకు వెలుపలను సాగును. మొదటిది ముగియకమున్నే నాలుగవదానికిఁ బోవువాఁడు రెండవదానిని వెంటఁ గొనిపోయెనా లేదా యని విచారింపవలయును. కొనిపోయినచో వాఁ డారుద్ర మార్గమున నున్నవాఁడు. లేనిచోఁ దీర్థకాకమే.

గుర్వనుజ్ఞ విషయమునను నేఁటికాలమున నొక సౌకర్యము కలదు. 2020నాఁటి జాతీయ విద్యావిధానము డిగ్రీచదువు నడుమ వెలుపలికిఁ బోవుటకును, మరల వచ్చి చేరుటకును అవకాశము కల్పించెను. ఒక యేఁడు చదివినవానికి సర్టిఫికెట్టు, రెండేండ్లు చదివినవానికి డిప్లొమా ఇచ్చి, పొందిన క్రెడిట్లను నిలువఁజేయు ఏర్పాటును అందుఁ గలదు. చెప్పి వెడలుటకును, చెప్పక మాయమగుటకును గల భేదము దీనిచే శాసనరూపము దాల్చినది. ఫిలింనగరునకుఁ బయనమగు బాలునకు ఈ మాట చెప్పువాఁ డొక్కఁడైనను గ్రామపాఠశాలలో నుండవలయును.

త్వరపాటు నేఁటి దోషము మాత్రమే కాదు. పూర్వమువలె వ్యాకరణమును ముందుగాఁ జదువక, వేదము వల్లించినంతనే వక్తలగుటకుఁ దొందరపడుచున్నారని పతంజలియే తన కాలపు విద్యార్థులనుగూర్చి చెప్పెను. ఐనను ఆ స్థలమున వారిని ఖట్వారూఢులని గాని, తీర్థకాకములని గాని దూషింపలేదు. ఆ నిందాపదములు సూత్రవ్యాఖ్యానమున నుండిపోయినవి. సందేహించి వెడలఁజూచు విద్యార్థి యెదుట ఆచార్యుఁడు మిత్రుఁడై, శాస్త్రమువలని ప్రయోజనములను ఒక్కొక్కటిగాఁ జెప్పునని మాత్రము వ్రాసెను. చదువు విడువఁబోవు విద్యార్థి పాఠశాలావాకిట నిలిచి సెలవడిగినపుడు పండితులు ఏ పుట తెఱవవలయునో దీనివలన నిశ్చయమగుచున్నది. నిందాసమాసము వాఁడు వెడలిన పిమ్మటనే పనికివచ్చును. ప్రయోజనకథనము వాఁడింకను వాకిట నుండఁగనే పనికివచ్చును. విద్వాంసులు దీనిని పరిశీలింతురు గాక.