నిద్రలో వచ్చే రాబడి

టిమోతీ ఫెర్రిస్ రాసిన ‘ది ఫోర్ అవర్ వర్క్‌వీక్’ సాహిత్యగ్రంథం కాదు. దాన్ని గురించి ఈ పత్రికలో వ్యాసం దేనికని కొందరు మిత్రులు అడగవచ్చు. 2007లో అమెరికాలో అచ్చయిన ఈ పుస్తకాన్ని మన కవులూ కథకులూ చదవకపోవచ్చు గాని, మన కాలేజీల్లో కుర్రవాళ్లు చదువుతున్నారు. చదవనివాళ్లు కూడా దాని సారాన్ని నలుగురి నోటా విని ఉన్నారు: ఏ ఊళ్లోనైనా ఉండవచ్చు, ఎవరి కిందా పని చెయ్యనక్కర్లేదు, ఇంటర్నెట్టులో ఒక బ్లాగు పెట్టుకుని కొన్నాళ్లు కష్టపడితే ఆ తర్వాత మనం నిద్రపోతున్నా డబ్బు వస్తూనే ఉంటుంది. ఒక తరం ఆశలను మలిచే రచన విమర్శకుడికి పట్టవలసిన వస్తువే. నవల కాదు కనక మనకు సంబంధం లేదనటం వట్టి సోమరితనం.

మనవాళ్లలో చాలామంది ఈ రకం రచనలను ‘పలాయనవాదం’ అనే ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. ఆ మాటతో నాకు తృప్తి కలగదు. పారిపోతున్నాడన్నాం, సరే. దేన్నించి పారిపోతున్నాడు? ఆ ప్రశ్న వెయ్యకుండా తీర్పు చెప్పే విమర్శను విద్యార్థి వినడు. వినకపోవటం న్యాయమే కూడాను.

ఏడాదికి 40,000 డాలర్ల కోసం వారానికి 80 గంటలు చాకిరీ చేసేవాణ్ణనీ, తర్వాత వారానికి 4 గంటల పనితో నెలకు 40,000 డాలర్లు సంపాదించాననీ ఫెర్రిస్ చెప్పుకుంటాడు. ఈ లెక్క నిజమా కాదా అని నేను విచారించబోవటం లేదు. పుస్తకం మొదటి భాగంలో అతను చేసిన పరిశీలనలు కొన్ని నిజమైనవి. ఆఫీసులో గడిపే కాలంలో చాలాభాగం పనికోసం కాక, పని చేస్తున్నట్టు కనిపించటం కోసం ఖర్చవుతుందంటాడు. యౌవనమంతా అమ్మేసుకుని, మోకాళ్లు పట్టేసిన వయసులో విశ్రాంతి కొనుక్కోవటం తెలివితక్కువ బేరమంటాడు. హైదరాబాదులో కంప్యూటరు కంపెనీలకు పోయి వచ్చే ఏ యువకుణ్ణి అడిగినా ఇదే చెబుతాడు. పెట్టుబడిదారీ విధానంలో జీతగాడి కాలం జీతగాడిది కాదన్న సంగతిని ఫెర్రిస్ తన పద్ధతిలో, తన భాషలో, తెలిసో తెలియకో ఒప్పుకున్నాడు.

ఈ కోరిక మనకు పరాయిది కాదు. మార్క్స్ అల్లుడు పాల్ లఫార్గ్ 1880లో ‘సోమరిగా ఉండే హక్కు’ను గురించి రాస్తూ రోజుకు 3 గంటల పని చాలునన్నాడు. 1886లో చికాగో కార్మికులు 8 గంటల పనిదినం కోసం ప్రాణాలిచ్చారు. పనిదినాన్ని కుదించటమే మనిషి స్వేచ్ఛకు మొదటి షరతని మార్క్స్ భావించాడు. కాగా మన దేశంలో ఈనాడు గాలి ఎటు వీస్తున్నది? యువకులు వారానికి 70 గంటలు పని చెయ్యాలని నారాయణమూర్తిగారు 2023లో సెలవిచ్చారు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ, తెలంగాణ ప్రభుత్వమూ రోజు పనిని 10 గంటల దాకా పొడిగించుకోవటానికి దారి తెరిచాయి. (తెలంగాణలో వారానికి 48 గంటల హద్దు ఉంచారు. ఆ హద్దును ఎంతమంది యజమానులు పాటిస్తారో చూడాలి.) ఇలాంటి రోజుల్లో ఒకడు వచ్చి నాలుగు గంటలు చాలునంటే కుర్రవాడు వినడా?

కనక ఫెర్రిస్‌తో మన పేచీ అతను తక్కువ పని కావాలన్నందుకు కాదు. లఫార్గ్ కోరిన 3 గంటలు అందరికీ. ఫెర్రిస్ చెప్పే 4 గంటలు ఒక్కడికే. మిగిలిన గంటలు ఏమయినాయన్న ప్రశ్న లఫార్గ్‌కు రాదు, ఆ పనిని అందరూ పంచుకుంటారు, యంత్రం తోడవుతుంది. ఫెర్రిస్‌ను మాత్రం ఆ ప్రశ్న అడిగి తీరాలి. దీనికి జవాబును అతనేమీ దాచలేదు. పుస్తకంలోనే ఉన్నది.

పుస్తకంలో నాలుగు మెట్లున్నాయి: నిర్వచనం, తొలగింపు, యాంత్రికీకరణ, విముక్తి. ఇంగ్లీషులో వీటి మొదటి అక్షరాలు కలిపితే ‘డీల్’ అవుతుంది, అనగా బేరం. మూడో మెట్టుకు యాంత్రికీకరణ అని పేరు పెట్టాడు గదా, అక్కడ ఏదో యంత్రాన్ని చూపిస్తాడని చదువరి అనుకుంటాడు. ఆ మెట్టు మొదట్లో కనిపించేది దూరదేశంలో కూర్చుని మన పనులు చేసిపెట్టే సహాయకులు. సంపాదన డాలర్లలో, ఖర్చు పెసోలలో, ఇచ్చే కూలి రూపాయల్లో ఉండాలన్నది రచయిత సూత్రం. ఇంత నిష్కపటంగా సామ్రాజ్యవాద ఆర్థికశాస్త్రాన్ని చెప్పిన పుస్తకాలు అరుదు. మన పాఠ్యగ్రంథాలు పది పేజీల్లో చెప్పలేని దాన్ని అతను మూడు నాణాలతో చెప్పేశాడు!

ఈ అధ్యాయంలో ఎ. జె. జేకబ్స్ అనే పత్రికా రచయిత 2005లో ‘ఎస్క్వయర్’ పత్రికకు రాసిన వ్యాసాన్ని ఫెర్రిస్ తిరిగి అచ్చువేశాడు. జేకబ్స్ తన ఆఫీసు పనులను బెంగుళూరు కంపెనీ ఒకదానికీ, ఇంటి పనులను ఇంకో భారతీయ కంపెనీకీ అప్పగిస్తాడు. అవతల ఉన్న యువతులు అతనికోసం విషయ సేకరణ చేస్తారు, అతని పైఅధికారికి ఉత్తరాలు రాస్తారు, భార్య అలిగితే అతని తరపున క్షమాపణ చెబుతారు. ఒకసారి అతనికి ఏదో విషయమై దిగులు పట్టుకుంటే, ఆ దిగులును కూడా బెంగుళూరుకు అప్పగిస్తాడు. తమరికి బదులు నేను దిగులు పడతానని ఆ యువతి మర్యాదగా ఒప్పుకుంటుంది.

వ్యాసం మంచి హాస్యంతో రాశాడు. నేనూ నవ్వాను. జేకబ్స్ తనను తాను కూడా వేళాకోళం చేసుకుంటాడు కనక అతని మీద నాకు కోపం లేదు. అయితే ఫెర్రిస్ పుస్తకంలోకి వచ్చేసరికి అదే వ్యాసం హాస్యం కాకుండా ఆచరించవలసిన పాఠమయిపోయింది. అతను నిద్రపోయే రాత్రి మనకు పగలు. అతను లేచేసరికి పని పూర్తయి ఉంటుంది. నిద్రపోతుండగా రాబడి రావటమంటే ఇదే: ఇంకొకరు మేలుకుని ఉండటం.

మన విద్యార్థి ఈ అధ్యాయాన్ని చదివేటప్పుడు ఎవరి పక్కన నిలబడి చదువుతాడు? జేకబ్స్ పక్కన నిలబడి చదువుతాడు. కథనశిల్పం అతన్ని అక్కడే నిలబెడుతుంది. కాని ఆ పుస్తకంలో అతనికి కేటాయించిన చోటు వేరు. అతను బెంగుళూరు కుర్చీలో ఉన్నాడు. రూపాయల్లో కూలి తీసుకునేవాడు అతనే. పరాయివాడి కలను మన కలగా చదివించుకోవటంలోనే ఈ సాహిత్యం బలమంతా ఉన్నది.

ఇక బ్లాగు సంగతి. బ్లాగు రాసేవాడు ఎవరినీ కూలికి పెట్టుకోడు, తనే రాస్తాడు, అందులో దోపిడీ ఎక్కడున్నదని అడుగుతారు. సమంజసమైన ప్రశ్న. అతనికి డబ్బు రెండు దారుల్లో వస్తుంది: తన పేజీలో ఇతరుల ప్రకటనలు వేయటం, ఇతరుల సరుకు అమ్మిపెట్టి కమీషను తీసుకోవటం. మొదటిదానికి గూగుల్, రెండోదానికి అమెజాన్ పెద్ద దిక్కు. ప్రకటనల రాబడిలో 68 శాతం రాసేవాడికి ఇస్తున్నామని గూగుల్ 2010లో వెల్లడించింది. వాటా బాగానే ఉన్నదనిపిస్తుంది. మన పల్లెల్లో కౌలుదారుకు కూడా వాటా ఉంటుంది. కౌలు నోటిమాట మీద ఉన్నప్పుడు ఆ వాటా ఏపాటి భద్రమో రైతుబిడ్డలకు నేను చెప్పనక్కర్లేదు. 2011లో గూగుల్ తన వెతికే పద్ధతిని మార్చింది. వేల పేజీలు ఒక్కసారిగా అడుగుకు జారిపోయి, వాటిమీద బతికేవాళ్ల రాబడి పడిపోయింది. 2020 ఏప్రిల్లో అమెజాన్ చాలా సరుకులమీద కమీషను తగ్గించింది. గృహోపకరణాల వంటివాటిపై 8 శాతం ఉన్నది 3 శాతమయింది. ఎవరినీ సంప్రదించలేదు. 2024 నుంచి వెతికినవాడికి జవాబును గూగుల్ తానే పైన రాసి చూపిస్తున్నది. ఆ జవాబుకు మూలమైన పేజీని తెరిచి చూడవలసిన అవసరం తగ్గిపోయింది. భూమి ఎవరిదో పంట వాడి చేతిలోనే ఉన్నది. యజమాని లేని జీవితం కోరి వచ్చినవాడు, మొహం కూడా చూడలేని యజమానికి చిక్కాడు. పాత యజమానిమీద కనీసం లేబరు కోర్టుకు పోవచ్చు.

ఈ రంగంలో విజయగాథలు లేవా? ఉన్నాయి. పాట్ ఫ్లిన్ అనే అతను 2008లో ఆర్కిటెక్టు కంపెనీలో ఉద్యోగం పోగొట్టుకుని, ఒక పరీక్షకు గైడు పుస్తకం రాసి ఇంటర్నెట్టులో అమ్మాడు. మంచి పనే, చదివినవాళ్లకు పనికివచ్చింది. తర్వాత అతను తన నెలవారీ రాబడి పట్టీలను ప్రకటించటం మొదలుపెట్టాడు. వాటిని లక్షలమంది చదివారు. ఆ పట్టీల్లో రానురాను పెద్ద పద్దు ఏమిటంటే, కొత్తగా బ్లాగు పెట్టుకునేవాళ్లకు చోటు అద్దెకిచ్చే కంపెనీ ఒకటి, అతను పంపిన ప్రతి ఖాతాదారుకూ ఇచ్చే కమీషను. అంటే బ్లాగుతో ఎలా సంపాదించాలో చెప్పి, ఆ చెప్పటం మీద సంపాదించటం! ఫ్లిన్ దీన్ని దాచలేదు, మోసం చెయ్యలేదు. వెయ్యిమంది అనుకరించేవాళ్లు అతని దారి పట్టినప్పుడు మాత్రం, ఆ రాబడికి మూలం కొత్తగా వచ్చేవాడి ఆశే అయింది. చివరికి వచ్చినవాడికి ఆశపెట్టటానికి ఎవరూ మిగలరు.

నిద్రలో పెరిగే రాబడిని గురించి మన తెలుగులో ఒక గొప్ప రచన ఉన్నది. దాన్ని ఎవరూ అలా చదవలేదనుకుంటాను. కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’లో గోపన్న అప్పు కూడా రాత్రింబగళ్లు పెరుగుతుంది, దానికోసం గోపన్న చెమటోడ్చనక్కర్లేదు. అయితే రామారావుగారు ఆ రాబడిని అప్పల్రాముడి వైపునుంచి చూపించారు. చెప్పుకోదగ్గ దుర్మార్గుడెవడూ లేని ఊళ్లో, ధర్మంగా నడిచిన పంచాయితీలో, న్యాయంగా వేసిన లెక్క ఒక కుటుంబాన్ని ఎక్కడికి తెచ్చిందో చూపించారు. కొడుకు సీతారాముడు తన బిడ్డను ఆ బానిసత్వానికి అప్పగించలేక చంపటంతో కథ ముగుస్తుంది. వడ్డీకీ ప్రకటన రాబడికీ తేడాలున్నాయి, కాదనను. కష్టం ఒకచోట, ఫలం ఇంకొకచోట పోగుపడటం రెంటికీ సామాన్యం. ఫెర్రిస్‌నూ రామారావుగారినీ పక్కపక్కన చదివించిన అధ్యాపకుడు గంటన్నర ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు.

ఏ ఊళ్లో ఉన్నా ఒకటేనన్న మాటను కూడా పరీక్షించాలి. ప్రకటనదారుకు రాసేవాడి ఊరు అక్కర్లేదు, చదివేవాడి ఊరు కావాలి. అమెరికన్ పాఠకుడి చూపుకు ఇచ్చే ధరలో తెలుగు పాఠకుడి చూపుకు చిన్న భాగమే దక్కుతుంది. అందుచేతనే ఈ మార్గదర్శకులందరూ మనవాళ్లకిచ్చే సలహా ఒకటే: ఇంగ్లీషులో రాయి, అక్కడివాళ్లు వెతికేదాన్ని రాయి. కాకినాడలో కూర్చుని కాలిఫోర్నియా పచ్చికబయళ్లు కోసే యంత్రాల గుణదోషాలు రాసే స్వేచ్ఛ ఇది. గూగుల్ ప్రకటనల ఏర్పాటుకు తెలుగు 2018లో గాని నోచుకోలేదు. అంతకు పన్నెండేళ్ల ముందే తెలుగువాళ్లు ‘లేఖిని’లో టైపు చేసుకుని, ‘కూడలి’లో ఒకరినొకరు చదువుకుంటూ బ్లాగులు రాశారు. పద్యాలు, ప్రయాణాలు, వంటలు, వ్యాకరణం, కులం మీద తగాదాలు, అన్నీ అందులో ఉన్నాయి. చెత్త కూడా ఉన్నది. ఒక్క పైసా రాలేదు గాని, రాసినవాడికి ఊరూ పేరూ ఉండేవి. డబ్బు రాకూడదని నేననను. రచయితకు కూలి ముట్టాలి. చదువరి వెలనుబట్టి భాషనూ వస్తువునూ మార్చుకొమ్మనే డబ్బు మాత్రం రచయితకిచ్చే కూలి కాదు.

పెసోల సంగతి చెప్పి ముగిస్తాను. డాలర్లలో సంపాదించి చవుక దేశంలో బతకటం ఇప్పుడు ప్రభుత్వాల విధానమే అయింది. పోర్చుగల్ 2022 అక్టోబరులో ఇలాంటివారికి ప్రత్యేక వీసా తెచ్చింది. షరతు ఏమంటే, తమ దేశపు కనీస వేతనానికి నాలుగు రెట్ల రాబడి చూపించాలి. అంటే ఆ దేశపు కూలివాడు తన దేశంలోనే ఆ వీసాకు తగడు! 2025 జులైలో మెక్సికో నగరంలో రోమా, కొందేసా పేటల జనం వీధుల్లోకి వచ్చారు. విదేశీయుల డాలర్లతో అద్దెలు పెరిగి, పుట్టి పెరిగిన వీధుల్లోంచి తాము వెళ్లిపోవలసి వస్తున్నదని వాళ్ల గోడు. కొన్ని దుకాణాల అద్దాలు పగిలాయి. అది నేను మెచ్చను. ఫెర్రిస్ సూత్రంలో పెసోలన్నవి ఖర్చుపెట్టేవాడి జేబులోని నాణాలు మాత్రమే. అద్దె కట్టలేక సామాను బండికెత్తుకునేవాడు ఆ సూత్రంలో లేడు.

రూపాయల వైపు మనిషి కూడా ఉత్తరాల్లో మాత్రమే కనిపిస్తుంది. జేకబ్స్ దిగులును తనమీద వేసుకున్న ఆ యువతి ఆ సాయంత్రం ఎన్నింటికి ఇంటికి పోయిందో, ఏ బస్సెక్కిందో, ఆ నెల జీతంలో ఇంటికెంత పంపిందో, తన దిగులు ఎవరితో చెప్పుకుందో ఆ పుస్తకంలో లేదు. మన కథకులెవరైనా రాశారేమో, నా కంటబడలేదు.