బలవంతపు సంతకం: కార్డినల్ మిండ్‌సెంటి జ్ఞాపకాలపై ఒక పరిశీలన

హంగేరీ కార్డినల్ యోజెఫ్ మిండ్‌సెంటి జ్ఞాపకాలు 1974లో వెలువడినవి. రెండవ ప్రపంచ యుద్ధానంతరం కమ్యూనిస్టు ప్రభుత్వం కథోలిక గురువులను అణచిన తీరుకు ఈ గ్రంథం ప్రత్యక్ష సాక్ష్యం. ఇటువంటి గ్రంథాలను మన సంఘాలలో వీరగాథలుగా చదువుతుంటారు. అయితే దీని విలువ వీరత్వంలో గాక, బలహీనతను దాచకపోవడంలో ఉన్నదని మేము భావిస్తున్నాము.

1948లో ప్రభుత్వం క్రైస్తవ పాఠశాలలను జాతీయం చేయగా మిండ్‌సెంటి ఎదిరించారు. ఆ డిసెంబరు 26న ఆయనను నిర్బంధించారు. నిద్రపోనివ్వక, రబ్బరు లాఠీలతో కొట్టి, నేరాంగీకార పత్రంపై సంతకం చేయించారు. 1949 ఫిబ్రవరిలో యావజ్జీవ శిక్ష విధించారు. సంతకం ప్రక్కన 'సి.ఎఫ్.' అని వ్రాశానని ఆయన చెబుతారు. 'బలవంతం వల్ల చేశాను' అనే అర్థమిచ్చే లాటిన్ మాటలకు అవి పొడి అక్షరాలు. తాను ఒకవేళ నేరం ఒప్పుకున్నా దానిని మానవ బలహీనతగా ఎంచాలని నిర్బంధానికి ముందే వ్రాసి ఉంచారు. పేతురు పతనాన్ని సువార్తికులు దాచనట్లే ఆయనా తన లొంగుబాటును దాచలేదు. 2 కొరింథీ 12:9ని బోధించేవారికి ఈ అధ్యాయాలు గొప్ప పాఠం.

గ్రంథంలో లోపమూ ఉన్నది. 1945 భూసంస్కరణ వరకు హంగేరీలో కథోలిక సంఘం పెద్ద భూస్వామి. భూమి లేని రైతు కంటికి ఆ సంఘం ఎలా కనబడిందో రచయిత తగినంతగా విచారించలేదు. కొత్తచెరువు వంటి కరువు ప్రాంతంలో పరిచర్య చేసే కాపరికి ఇది చిన్న సంగతి కాదు. అనంతపురం జిల్లాలో కమ్యూనిస్టు అనగానే పేదల పక్షాన నిలిచిన తరిమెల నాగిరెడ్డి జ్ఞాపకం వస్తారు. కుట్ర కేసులో ఆయన కోర్టుకిచ్చిన వాంగ్మూలమే 'తాకట్టులో భారతదేశం' గ్రంథమైనది. ముద్దాయిగా ఆయన తన మాట తాను చెప్పుకోగలిగారు. బుడాపెస్టులో ముద్దాయి నోట ప్రభుత్వమే తన మాటలు పెట్టింది. కావున మనం ఖండించవలసినది ఆ దౌర్జన్యాన్ని. మన ఊరి ఎర్రజెండా కూలీని శత్రువుగా చూపే ప్రసంగానికి ఈ గ్రంథం ఆధారం కాదు.

3వ శతాబ్దంలో కార్తేజీ అధ్యక్షుడు సిప్రియను ఎదుర్కొన్న ప్రశ్నే నేటికీ నిలిచి ఉన్నది: హింసకు తాళలేక లొంగినవారిని సంఘం ఎలా చేర్చుకోవాలి? భయపెట్టగా విశ్వాసాన్ని కాదని సంతకం చేసి, కన్నీటితో తిరిగి వచ్చిన విశ్వాసిని వెలివేయక ముందు, కాపరులు ఆ రెండు పొడి అక్షరాలను తలంచుకొందురుగాక.