నాలుగు వరుసల రాళ్ళు

కంచికచర్లకు దక్షిణమున కృష్ణ ఒడ్డుకు దిగినచో గులకరాళ్ళకు కొదవ యుండదు. ఏరు దొర్లించిన రాయి నునుపెక్కి గుండ్రనగును. ఆదిమానవుడు చెక్కిన రాతికైతే పెచ్చులు లేచిన పల్లములు, వాని నడుమ వాడియైన అంచు కనబడును. అట్టి రాళ్ళను పోగుచేసినంతమాత్రమున చరిత్ర తేలదు. ఏది ముందో, ఏది వెనుకో తెలియవలెను. తెలుగునేల రాళ్ళను గూర్చి ఆ ప్రశ్నను క్రమముగా పరిశీలించినది 1930లో ‘యాంటిక్విటీ’ పత్రికలో కామియాడ్, బర్కిట్‌లు ప్రకటించిన వ్యాసము.

కామియాడ్ కర్నూలు ప్రాంతమున నంది కనుమ మొదలగు చోట్ల రాళ్ళను సేకరించెను. కేంబ్రిడ్జి పండితుడు బర్కిట్ వానిని పరిశీలించెను. చేతిగొడ్డళ్ళు మొదటి వరుస. పెచ్చులతో చేసిన పనిముట్లు రెండవది. పొడవాటి సన్నని బద్దలు, ఉలులు మూడవది. గోరంతేసి రాళ్ళు నాలుగవది. వీనిని పుల్లకో, ఎముకకో బిగించి వాడెడివారు. తొంబదేండ్లు దాటినను ఈ నాలుగు మెట్ల క్రమము మొత్తముమీద నిలిచియే యున్నది. ఏరిన రాళ్ళతో వ్రాసిన వ్యాసమునకు ఇది చిన్న గౌరవము కాదు.

అయితే వారు అంతటితో ఆగక, ఈ వరుసలను దీర్ఘమైన వాన యుగములతోను, ఎండ యుగములతోను ముడివేసిరి. తూర్పు ఆఫ్రికాలోను ఆనాటి పండితులది ఇదే బాట. అక్కడి వాన యుగముల నిచ్చెన తరువాతి పరిశోధనలకు ఆగక విరిగిపోయినది. ఇక్కడి ముడియు అంతే బలహీనము.

ఆఫ్రికా పోలిక సంగతి వేరు. బర్కిట్ 1927లో దక్షిణాఫ్రికా రాళ్ళను చూచి వచ్చినవాడు. ఆ పోలిక అతని కంటబడుట సహజమే. దానిని కాలముతో సరిచూచు సాధనము అప్పుడు లేదు. చెన్నై సమీపమున అత్తిరంపాక్కం చేతిగొడ్డళ్ళు సుమారు 15 లక్షల ఏండ్లనాటివని 2011లో తేలినది. ఆఫ్రికాలో 17.6 లక్షల ఏండ్లనాటివియు దొరికినవి. అత్తిరంపాక్కంలోనే పెచ్చు పనిముట్ల దశ సుమారు 3,85,000 ఏండ్ల క్రిందట మొదలైనదని 2018లో వెల్లడియైనది. రెండవ వరుస ఇంత పాతదని 1930లో ఎవరూహింపగలరు?

అసలు లోపము మరియొకటి. కొన్ని చోట్ల పొరలను గమనించినను, పెక్కు రాళ్ళను ఆకారమును బట్టియే వరుసలో చేర్చిరి. కె.వి. సౌందరరాజన్ నాగార్జునకొండ రాతియుగమును గూర్చి 1958లో ‘ఏన్షియెంట్ ఇండియా’లో వ్రాసిన వ్యాసము ఇందుకే ముఖ్యము. ఆ లోయ తరువాత సాగర్ నీట మునిగినది; అక్కడి పొరలను మరల చూచు వీలు లేదు. కంచికచర్ల ప్రక్కన పరిటాల వైపు క్రషర్లు కొండలను కంకర చేయుచున్నవి. కామియాడ్, బర్కిట్‌ల వరుసలను కృష్ణ దిగువన సరిచూడ నెవరైన పూనుకొన్నచో, తాకని నేల ఏటేట తగ్గుచున్నది.