ధనిష్ఠను ఓరకంట

మా తాతయ్య ధనిష్ఠ నక్షత్రంలో పోయారు. అలా పోతే ఇల్లు విడిచి ఉండాలంటారని ఇంటికి తాళం వేసి, పక్క వీధిలో రెండు గదులు అద్దెకు తీసుకుని ఆరు నెలలు ఉన్నాం. నాకప్పుడు తొమ్మిదేళ్లు. సాయంత్రాలు నాయనమ్మ వెళ్లి పాత ఇంటి అరుగు మీద దీపం పెట్టి వచ్చేది. గడప మాత్రం తొక్కేది కాదు.

ఆ ధనిష్ఠను కళ్లారా చూసింది నలభై దాటాకే. వినాయక నిమజ్జనాలు అయ్యాక, వాన వెలిసిన రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదింటికి మేడెక్కితే మన ఊళ్లలో దాదాపు నడినెత్తినే ఉంటుంది. ముందు శ్రవణ నక్షత్రం దొరకాలి. అటూ ఇటూ చిన్న చుక్కలతో కావడి మోస్తున్నట్టుంటుంది. అక్కణ్నించి తూర్పుగా, చాచిన చేతి పిడికిలి కన్నా కాస్త దూరంలో, నాలుగు చుక్కల గాలిపటం, దానికో తోక. గ్రీకులకది డాల్ఫిన్. రెండు వేళ్లు అడ్డం పెడితే గాలిపటం మాయం.

తిన్నగా చూస్తే చిక్కదు. కాస్త పక్కకు చూడాలి. కంటి నడిమి భాగానికి మసక వెలుతురులో చూపు తక్కువ, దాని చుట్టూ ఉన్న కణాలదే ఆ పని. అవి కుదురుకోవడానికి ఇరవై నిమిషాలకు పైనే చీకటి కావాలి. మధ్యలో ఒక్క వాట్సాప్ మెసేజీ చూశానా, మళ్లీ మొదటికే!

ఇందులో రెండు చుక్కల పేర్లు సువాలోసిన్, రోటనెవ్. 1814 నాటి పలెర్మో నక్షత్రాల కేటలాగులో ఎక్కాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి వెనక నుంచి చదివితే నికొలావుస్ వెనేటర్. అక్కడి అబ్జర్వేటరీలో సహాయకుడు నికోలో కాచ్చాతోరే పేరుకు లాటిన్ రూపం. ఈ దొంగచాటు పని నాకెందుకో భలే నచ్చుతుంది.

పోయినేడు, పంచాంగంలో ధనిష్ఠ అని ఉన్న రాత్రి, చంద్రుడి నుంచి గాలిపటం దాకా పిడికిలి మీద పిడికిలి పెట్టి కొలిచాను. మూడు దాటాయి. చంద్రుడు ఈ గాలిపటానికి పాతిక డిగ్రీల లోపుకు ఎప్పుడూ రాడు. ఆయన దారిని ఇరవై ఏడు వాటాలు వేసి, ఒక వాటాకు దూరాన ఉన్న ఈ చుక్కల పేరు పెట్టారు, అంతే.

అమ్మను మెల్లగా మేడ ఎక్కించి చూపించాను. చాలాసేపు వెతికింది. పక్కకు చూడమన్నాక దొరికింది.

"ఇంతే ఉందేమిట్రా! దీనికి ఆరు నెలల అద్దె కట్టాం."